బ్రేకమ్మ కారు స్ప్రింగులు

ఆ వీధిలో అందరూ ఆమెను బ్రేకమ్మ అంటారు. ఎదురుగా మాత్రం టీచరమ్మ అంటారు. డ్రైవింగ్ నేర్పడం ఆమె పని. నేర్పే కారులో ఆమె కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తప్పు చేయబోతున్నామని తెలుసుకునే లోపే ఆమె కాలు దాని మీద పడుతుంది. కారు కుదుపుతో ఆగుతుంది. ఆ వెంటనే నోరు మొదలవుతుంది.

"అద్దం ఎందుకు పెట్టారనుకున్నావు? తల దువ్వుకోవడానికా? ఎవర్ని చంపి ఇంటికెళ్దామని?"

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు దాదాపు అందరూ మొదటి పరీక్షలోనే గట్టెక్కేవారు. ఆ తర్వాత రోడ్డు మీద ఆమె కనిపిస్తే అవతలి పక్కకి వెళ్ళిపోయేవారు. దానికి ఆమె బాధపడలేదు. నమస్కారాలకి కాదు, నడపడానికి నేర్పాను అనేది.

భర్త మెకానిక్. ఇంటి ముందు రేకుల షెడ్డు కిందే బండ్లు బాగుచేసేవాడు. ఈమెకు కారు నడపడం నేర్పింది ఆయనే. నేర్పినన్నాళ్ళూ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని ఆమే చెబుతుంది, అదేదో ఆయనలో ఉన్న లోపమైనట్టు. నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరాడు. సాయంత్రానికి పోయాడు.

ఇల్లు ఒకటే, గుమ్మాలు రెండు. వెనక రెండు గదుల్లో బ్రేకమ్మ ఉంటుంది. వీధివైపు గదిలో ఆమె ఆడపడుచు ఉంటుంది. పెళ్ళయిన రెండేళ్ళకే పెట్టె సర్దుకుని అన్న దగ్గరికి వచ్చేసిన మనిషి. అన్న ఏమీ అడగకుండా ముందు గది ఖాళీ చేసి ఇచ్చాడు. అప్పటినుంచీ ఆ గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద కొండలా స్కూలు యూనిఫారాలు. పొద్దున్న ఏడింటికి మిషను చప్పుడు మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. బ్రేకమ్మకి ఆ చప్పుడు వింటే ఒళ్ళు మండేది. తనని వినిపించేట్టు తిట్టడానికే ఆ మిషను తొక్కుతోందనిపించేది.

నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. చెప్పక తప్పనివి గోడకి చెప్పుకునేవారు. "కుళాయి కట్టేయకుండా పోయిన మహాతల్లి ఎవరో" అని ఒకరు గోడతో అంటే, "కొందరికి కుళాయి తప్ప లోకంలో ఇంకేమీ కనిపించదు" అని ఇంకొకరు అదే గోడకి జవాబు చెప్పేవారు.

గొడవ ఎక్కడ మొదలైందో ఇద్దరికీ తెలుసు. ఆసుపత్రి నుంచి బ్రేకమ్మ ఇంటికి ఫోను చేయలేదు. ఆడపడుచుకి పక్కింటివాళ్ళ ద్వారా తెలిసి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అన్న ముఖం మీద దుప్పటి కప్పేశారు. అంత్యక్రియలు ముగిసిన మర్నాడే ఆమె షెడ్డులోకి వెళ్ళి, అన్న పనిముట్ల పెట్టెను ఒక్కతే ఈడ్చుకుంటూ తన గదిలోకి తీసుకుపోయి తాళం వేసింది. "అది మా ఆయనది" అని బ్రేకమ్మ అరిచింది. "మా అన్నయ్యది" అని లోపలినుంచి వచ్చింది జవాబు. అంతే. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి.

ఇక కారు సంగతి. ఆ శుక్రవారం ఒక విద్యార్థి మలుపు తిప్పుతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర ఫట్‌మని చప్పుడైంది. ఆ తర్వాత ప్రతి గుంటలోనూ టకటకమని ఇనుము ఇనుముకి కొట్టుకుంటోంది. దిగి చూస్తే కారు ఆ పక్కకి ఒరిగి ఉంది. బ్రేకమ్మ రోడ్డు మీదే పడుకుని చక్రం లోపలికి చూసింది. స్ప్రింగు కింది చుట్టు విరిగిపోయి ఉంది. దాని మధ్యలో నిలబడే పొడుగాటి షాకబ్జార్బరు, స్ట్రట్ అంటారు దాన్ని, ఒళ్ళంతా నూనె కార్చుకుంటోంది. సోమవారం ఆమె విద్యార్థులు ముగ్గురికి పరీక్ష. ఈ కారులోనే.

వీధి చివర మెకానిక్కుని అందరూ రేపుమేస్త్రి అంటారు, ఎప్పుడడిగినా రేపు అంటాడు కాబట్టి. అతను కారు కిందికి ఒకసారి తొంగిచూసి లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"రెండు పక్కలా మార్చాలి టీచరమ్మా. ఒక పక్క మారిస్తే బండి కుంటుతుంది. బుధవారం తీసుకురండి."

"సోమవారం పరీక్షలున్నాయి."

"పరీక్షలు వాళ్ళకి కదా, నాకు కాదుగా."

"మా ఆయన ఉంటే ఒక పూటలో చేసేవాడు."

"ఆయన ఉంటే మీరు నా దగ్గరికి ఎందుకొస్తారు?" అని నవ్వి, "బండి ఎక్కి తిరగడం వేరు, కిందికి దూరడం వేరు. బుధవారం అన్నానుగా" అన్నాడు.

ఆమె అక్కడికక్కడే మేస్త్రినీ, అతని షెడ్డునీ, అతను కడగని టీ గ్లాసులనీ పేరుపేరునా కడిగేసి వచ్చేసింది. ఊళ్ళో ఇంకో రెండు షెడ్లు ఉన్నాయి కానీ ఆ రెండు చోట్లా ఆమె ఇదివరకే నోరు పారేసుకుంది.

శనివారం విడిభాగాల కొట్టుకి వెళ్ళి రెండు స్ప్రింగులు, రెండు స్ట్రట్‌లు, పైన వేసే రబ్బరు దిమ్మలు కొన్నది. కొట్టతని భార్యకి డ్రైవింగ్ నేర్పింది ఈమే. అందుకని అతను జాకీ, రెండు ఇనుప స్టాండ్లు, స్ప్రింగు నొక్కిపట్టే కొక్కేల మరలు రెండు అడగగానే ఇచ్చాడు. ఇస్తూ, "ఇది చాలా జాగ్రత్తగా చేయాల్సిన పనండీ. ఎవరైనా తెలిసినవాళ్ళు పక్కనుంటే..." అన్నాడు.

"నాకు తెలుసు" అన్నది ఆమె. తెలియదు. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు ఆయన పని చేస్తుంటే చూసింది గానీ, కిటికీలోంచి కూర కలుపుతూ చూసింది.

ఆదివారం పొద్దున్నే, నాకు తెలుసు అని గొణుక్కుంటూ, షెడ్డు కింద పని మొదలుపెట్టింది. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టింది. ముందు చక్రాల నట్లు వదులు చేసి, జాకీ మీద కారు లేపి, స్టాండ్లు పెట్టి, బండిని గట్టిగా ఊపి చూసింది. కదల్లేదు. అక్కడిదాకా బాగానే చేసింది. అసలు కష్టం ఎడమ చక్రం తీశాక వచ్చింది. స్ట్రట్‌ని కింద పట్టి ఉంచే రెండు బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పానా జారి రెండుసార్లు వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. ఆ బోల్టుల్ని చేసినవాడినీ, కారు తయారుచేసినవాడినీ, రేపుమేస్త్రినీ, చివరికి తుప్పునీ తిడుతూ గంటసేపు పోరాడింది. పానాకి ఇనుప గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడితే అప్పుడు కిర్రుమని కదిలాయి.

కిటికీ వెనక కుట్టుమిషను చప్పుడు నడుస్తూనే ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా, చక్రం బిగించే హబ్బుని తీగతో కట్టింది. బానెట్ తెరిచి పైనున్న మూడు నట్లు తీసింది. స్ట్రట్, దాని చుట్టూ స్ప్రింగూ, రెండూ ఒకే ముక్కగా బరువుగా చేతుల్లోకి వచ్చాయి. నేల మీద పెట్టి, రెండు కొక్కేల మరలూ స్ప్రింగుకి చెరో పక్క తగిలించింది. ఇప్పుడు వాటిని బిగిస్తే స్ప్రింగు కుంచించుకుంటుంది. అప్పుడు నడిమన ఇనుప టోపీని పట్టి ఉంచే పై నట్టు తీస్తే పాత స్ట్రట్ బయటికి వస్తుంది. అంత వరకు ఆమెకి తెలుసు.

మొదటి మరని బిగించింది. తేలిగ్గానే తిరుగుతుంటే, పని తొందరగా అయిపోతోందని సంతోషించి, చివరిదాకా బిగించేసింది. తర్వాత రెండోది మొదలుపెట్టింది. స్ప్రింగు ఒక పక్కకి విల్లులా వంగింది. రెండో కొక్కెం చుట్ల మీద జర్రున జారి మొదటిదాని పక్కకి వచ్చి ఆగింది. ఆమె దాన్ని చూసింది కానీ పట్టించుకోలేదు. రెండూ బిగుతుగానే ఉన్నాయిగా అనుకుంది. మంచినీళ్ళు తాగి, పానా వెతుక్కుని, ముఖం మీద చెమట భుజంతో తుడుచుకుని, స్ట్రట్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆ పై నట్టుకి పానా పెట్టి, దాని మీదికి వంగింది.

"ఆ నట్టు మీద చెయ్యి తియ్యి!"

నాలుగేళ్ళుగా నేరుగా వినని గొంతు. బ్రేకమ్మ చేయి అక్కడే బిగుసుకుపోయింది.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో కొలతల టేపు, జాకెట్టుకి గుచ్చిన గుండుసూదులు.

"చెయ్యి తియ్యమన్నానా? మొహం కూడా వెనక్కి పెట్టు. అట్లాగే, మెల్లగా, దాన్ని గోడవైపు తిప్పి నేల మీద పడుకోబెట్టు. నీవైపు కాదు, గోడవైపు!"

ఎందుకో తెలియకపోయినా బ్రేకమ్మ చెప్పినట్టే చేసింది. ఆ గొంతులో ఉన్నది ప్రేమ కాదు. కానీ అబద్ధం కూడా కాదు.

"రెండు కొక్కేలూ ఒకే పక్కన పెట్టుకుని నట్టు తీస్తావా? ఎదురెదురుగా ఉండాలి అవి. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు, అట్లా కొంచెం కొంచెం బిగించాలి. ఇప్పుడా నట్టు వదిలితే ఆ పైనున్న ఇనుప టోపీ వచ్చి నీ మొహంలో దిగేది. పైగా విరిగిన స్ప్రింగు!"

బ్రేకమ్మ స్ప్రింగు వైపు చూసింది. నల్లగా, వంకరగా, ఊపిరి బిగబట్టినట్టు పడి ఉంది. తన మొహం అంతదాకా ఎక్కడ ఉందో అప్పుడు అర్థమైంది.  కూర్చున్నచోటే ఒక జానెడు వెనక్కి జరిగింది.

"నీకెట్లా తెలుసు?"

"మా అన్నయ్యకి దీపం పట్టుకున్నది ఎవరనుకున్నావు? నువ్వు ఈ ఇంటికి రాకముందు పదేళ్ళు."

"ఎంతసేపటినుంచి చూస్తున్నావు?"

ఆడపడుచు మెడలోని టేపు తీసి వేలికి చుట్టింది.

"అడుగుతున్నాను. ఆ కొక్కెం జారినప్పుడు చూశావా లేదా?"

"చూశాను."

"అది జారాక నేను మంచినీళ్ళు తాగాను. పానా వెతుక్కున్నాను. చెమట తుడుచుకున్నాను. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ చూస్తూ నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"నన్ను చంపేదానివి!"

"నోరు పెగల్లేదు. అంతే." ఆడపడుచు గుమ్మం దిగి వచ్చింది. "చెప్పాలనే అనుకున్నా. పిలవాలంటే ఏమని పిలవాలి? వదినా అనాలి. ఆ మాట గొంతులోంచి రాలేదు. నువ్వు నట్టుకి పానా పెట్టావు, అప్పుడు వచ్చింది. అది కూడా వదినా అని రాలేదు, విన్నావుగా."

 

ఆడపడుచు లోపలికి వెళ్ళి, పనిముట్ల పెట్టెను నేల మీద గీసుకుంటూ తెచ్చి, తాళం తీసింది. బ్రేకమ్మ లోపలికి తొంగిచూసింది. పానాలన్నీ పాత యూనిఫారం గుడ్డ ముక్కల్లో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా తుప్పు లేదు. కుట్టుమిషను నూనె వాసన వేసింది. నాలుగేళ్ళుగా వాటిని తీసి తుడిచి మళ్ళీ చుట్టి పెడుతోందన్నమాట. అది చూసి ఆమె మనసు కరగలేదు సరికదా, మళ్ళీ మండింది. తన మొగుడి వస్తువులు. తుడిచే హక్కు తనది.

"ఇది పొద్దున్నే బయటికి తెచ్చి ఉంటే ఆ బోల్టులకి నా చేతులు చెక్కుకుపోయేవి కావు" అన్నది.

"నా దగ్గర ఉందని నీకు తెలుసు. అడగలేదు."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

ఇద్దరూ కొక్కేల మరలు మెల్లగా సడలించారు. మళ్ళీ ఎదురెదురుగా తగిలించారు. ఈసారి బ్రేకమ్మ తిప్పుతుంటే ఆడపడుచు లెక్కపెట్టింది.

"ఇటు రెండు చుట్లు. ఆగు. అటు రెండు. రెండన్నాను, మూడు కాదు! చేతికి లెక్కలు రావా? కళ్ళు స్ప్రింగు మీద పెట్టు, నా మొహం మీద కాదు."

బ్రేకమ్మ పళ్ళు నూరుకుంటూ తిప్పింది. ముప్ఫైమంది శిష్యులు ఈ సీను చూసి ఉంటే వీధిలో పండగ చేసుకునేవారు. స్ప్రింగు నిటారుగా కుంచించుకుంది. చేత్తో ఊపితే టోపీ కింద లూజుగా కదిలింది. అప్పుడు ఆడపడుచు పెట్టెలోంచి మెడ వంచిన పానా ఒకటీ, ఆరుమూలల సన్నని కడ్డీ ఒకటీ చూడకుండానే తీసి ఇచ్చింది. కడ్డీతో లోపలి రాడ్డు తిరగకుండా పట్టుకుంటే, పానాతో నట్టు తిరిగింది. టోపీ అలా మెత్తగా చేతిలోకి వచ్చింది. పాత స్ట్రట్‌ని నొక్కితే నిద్రపోతున్నట్టు కిందికి వెళ్ళి, మళ్ళీ పైకి రాలేదు.

కొత్త స్ప్రింగు నొక్కి, కొత్త స్ట్రట్ మీద కూర్చోబెట్టారు. స్ప్రింగు చివర కొస కింది పళ్ళెంలోని మెట్టుకి ఆనాలని ఆడపడుచు మూడుసార్లు చెప్పింది. మూడోసారి, "చెవుడు లేదు నాకు" అని బ్రేకమ్మ అరిచింది. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆరేయడం మాని నిలబడిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి ఎడమ పక్క అయింది. ఇద్దరూ ఎవరి గదిలో వాళ్ళు ఏదో తిన్నారు. మూడింటికి కుడి పక్క మొదలుపెట్టారు. పని తెలిసింది కాబట్టి ఈసారి తొందరగానే సాగింది. స్ప్రింగు సగం కుంచించుకున్న దగ్గర, కళ్ళు మర మీద పెట్టి, తల ఎత్తకుండా ఆడపడుచు అడిగింది.

"ఆ రోజు ఫోను ఎందుకు చేయలేదు?"

బ్రేకమ్మ రెండు చుట్లు తిప్పి ఆగింది. ఈ ప్రశ్నకి ఆమె దగ్గర నాలుగేళ్ళుగా సిద్ధం చేసుకున్న జవాబులు చాలా ఉన్నాయి. కంగారులో తోచలేదని, సాయంత్రం ఇంటికి పంపిస్తామని డాక్టర్లు అన్నారని, ఆయనే వద్దన్నాడని. డాక్టర్లు అన్న మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు.

"నువ్వొస్తే ఆయన నీవైపు తిరుగుతాడు" అన్నది. "ఎప్పుడూ అంతే. ఇంటికొస్తే ముందు నీ గదిలోకి వెళ్ళి, తర్వాత నా దగ్గరికి వచ్చేవాడు. ఆ ఒక్క రోజైనా నాకొక్కదానికే ఉండాలనుకున్నాను. పోతాడనుకోలేదు."

 ఆడపడుచు చేతిలోని కడ్డీని గుడ్డతో తుడిచింది.

"నాకు తెలుసు" అన్నది చివరికి. "ఆ రోజే తెలుసు. నీ నోటినుంచి రావాలని చూశాను."

"వచ్చిందిగా."

"వచ్చింది. ఇప్పుడు ఇంకా ఎక్కువ మండుతోంది." ఆమె కడ్డీతో మర వైపు చూపించింది. "తిప్పు. అటు రెండు చుట్లు."

"క్షమించమని అడగను."

"అడగకు. తిప్పు."

ఐదింటికి చక్రాలు ఎక్కాయి. కారు నేల మీదికి దిగింది. ఏ పక్కకీ ఒరగలేదు. బ్రేకమ్మ ముందు భాగాన్ని రెండు చేతులతో అదిమి వదిలితే ఒక్కసారి లేచి కదలకుండా నిలిచింది. నడిపి చూడాలంటే ఇంకో మనిషి లోపల కూర్చుని చప్పుడు వినాలి. ఆడపడుచు పిలవకుండానే వచ్చి, ముందు సీటులో కాకుండా వెనక సీటులో కూర్చుంది. బాడుగ బండి ఎక్కినట్టు కిటికీలోంచి బయటికి చూసింది.

కాలవ పక్క గుంటల రోడ్డు మీద నడిపారు. టకటక లేదు. వేగం తగ్గించే దిమ్మె మీద కావాలనే కాస్త గట్టిగా ఎక్కించింది బ్రేకమ్మ. వెనక సీటు మనిషి తల పైకప్పుకి తగిలింది.

"కావాలని చేశావు."

"అవును."

"స్టీరింగు కాస్త ఎడమకి లాగుతోంది. చక్రాల వరస సరిచేయించాలి. రేపు పొద్దున్నే తీసుకెళ్ళు, పరీక్షకి ముందు."

"నాకు తెలుసు."

"పొద్దున్న కూడా ఇదే అన్నావు, నాకు తెలుసు అని గొణుక్కుంటూ. విన్నాను."

సోమవారం ముగ్గురిలో ఇద్దరు గట్టెక్కారు. మూడోవాడు రివర్సులో హద్దుకి పాతిన కర్రని పడగొట్టాడు. అది కారు తప్పు కాదని పరీక్షాధికారే చెప్పాడు. ఆ సాయంత్రం బ్రేకమ్మ ఇల్లు చేరేసరికి పనిముట్ల పెట్టె షెడ్డులో లేదు. మళ్ళీ ముందు గదిలోకి వెళ్ళిపోయింది, తాళంతో సహా. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టిగా తట్టింది.

"పెట్టె ఎందుకు తీసుకుపోయావు?"

"బయట ఉంటే చెమ్మకి పాడవుతుంది."

"అయితే సగం పానాలు ఇవ్వు."

"పూర్తి సెట్టు విడగొడతారా ఎవరైనా? బుద్ధుందా?"

అరగంట పోట్లాడుకున్నారు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. ఎటూ తేలలేదు. పెట్టె ముందు గదిలోనే ఉండిపోయింది. వారం తిరిగాక ఒక పొద్దున ఆడపడుచు పానా పట్టుకుని షెడ్డులోకి వచ్చి, అడగకుండానే బానెట్ ఎత్తి, పై నట్లు ఆరూ మరోసారి బిగించింది. బ్రేకమ్మ చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. థాంక్స్ చెప్పలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు. బానెట్ దించి, మసి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, ఆలస్యమైన యూనిఫారాల కోసం లోపలికి వెళ్ళిపోయింది.